బెల్లం లేని బొబ్బట్టు

పోస్టు కొంచెం పెద్దదే. పొలం నుంచి వచ్చి, అన్నం తిని, తీరిగ్గా చదవండి. సగం చదివి కామెంట్ పెట్టొద్దని ముందే చెబుతున్నా.

మన ఊళ్లో రెండు నెలలుగా ఒకటే మాట నడుస్తోంది. రోడ్డు పక్క చెరకు భూములు తొమ్మిది మంది రైతులవి, మొత్తం 22 ఎకరాలు ఎవరో సిటీ వాళ్లు అడుగుతున్నారు. రిసార్టు కడతారట. మామూలు రిసార్టు కాదు, "పల్లె సంస్కృతి" రిసార్టట. పెంకుటిళ్లు, ఎడ్లబండి, బెల్లం గానుగ, అరిటాకులో భోజనం, రాత్రికి తప్పెటగుళ్లు. ఆ 22 ఎకరాల్లో నావి 2 ఎకరాల 30 సెంట్లు. దసరా లోపు మాట చెప్పమన్నారు. వాళ్లు చెప్పిన రేటు చెరకు మీద నేను ఈ జన్మకి చూడలేను, అబద్ధం ఎందుకు? పోయినేడు తోలిన చెరకు డబ్బులు మిల్లు నుంచి చేతికి రావడానికి ఎన్నిసార్లు తిరిగానో మీకు తెలుసు. చెరకు తోలిన 14 రోజుల్లో డబ్బు ఇవ్వాలని 1966 నాటి కంట్రోల్ ఆర్డర్‌లో రాసుంది. రాసినది రాసినట్టే ఉంది, మనం తిరిగేది తిరుగుతున్నాం.

ఇచ్చేద్దామనే అనుకున్నాను. ఆ మాట మా ఇంట్లో కూడా చెప్పేశాను.

ఈలోగా ఆగస్టులో మా అమ్మాయి, అల్లుడు మమ్మల్ని మారిషస్ తీసుకెళ్లారు. "సముద్రం చూడ్డానికి అంత దూరం ఎందుకు నాన్నా, రుషికొండ ఉంది కదా" అన్నాను. మా ఆవిడ ఒప్పుకోలేదు. ముంబయి నుంచి ఆరు గంటల పైన విమానం. అక్కడ చూసినదానికి, మన ఊరి రిసార్టు బేరానికి సంబంధం ఉంది. అందుకే ఈ పోస్టు.

విమానం దిగుతుంటే కిటికీలోంచి చూశాను. సముద్రం కంటే ముందు కంట్లో పడింది చెరకు. ఎటు చూసినా చెరకే. అక్కడ జూన్ నుంచి డిసెంబరు దాకా కోత. మనకి గానుగలు చల్లారిపోయిన టైములో వాళ్లకి సీజను. ఇంకోటి కూడా కనబడింది. చేల మధ్యలో నల్లరాళ్ల కుప్పలు, కొన్ని ఇంటెత్తు ఉన్నాయి. అదంతా అగ్నిపర్వతం నేల. రాయి ఏరితే గాని గడ్డపార దిగదు. ఆ రాళ్లు చేతులతో ఏరి, నెత్తిన మోసి, కుప్ప పెట్టిన వాళ్లెవరో తర్వాత చెబుతా.

రిసార్టులో మొదటి రెండ్రోజులు నాకేం తోచలేదు. తిండి బోలెడు ఉంది. ఇడ్లీ కూడా పెట్టారు, దండం పెట్టి వదిలేశాను. రెండో రోజు రాత్రి "లోకల్ నైట్" అన్నారు. రంగురంగుల గౌన్లలో ఆడపిల్లలు సెగా అనే డాన్సు ఆడారు. బాగానే ఉంది. కూర చల్లారిపోయింది. ఆడుతున్న వాళ్ల ముఖాల్లో కూడా డ్యూటీ చేస్తున్నట్టే ఉంది. మూడో రోజు "నేను బయటికి ఎల్తాను, మీరు నీళ్లలో ఆడుకోండి" అన్నాను. అల్లుడు కారు మాట్లాడి తనూ వచ్చాడు.

డ్రైవరుకి యాభై ఏళ్లుంటాయి. ఇంటిపేరు అడిగితే "అప్పన్న" అన్నాడు. నాకు ఒళ్లు ఝల్లుమంది. సింహాచలం అప్పన్న పేరు! అక్కడ పద్ధతేమంటే, కూలీగా వచ్చిన తాత పేరే మనవలకి ఇంటిపేరై కూర్చుంది. తెలుగు రాదు అతనికి. ఇంట్లో మాట్లాడేది క్రియోల్, నాతో మాట్లాడింది ఇంగ్లీషు. కానీ గుడికెళ్తే సింహాద్రి అప్పన్న పూజ, ఊళ్లో అమ్మోరు పండగ, దీపం చుట్టూ తిరుగుతూ రాత్రంతా రామభజన ఉన్నాయన్నాడు. ఉగాదికి దేశమంతా సెలవు. 1990లో ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడే జరిగాయి. మాట పోయింది గాని మొక్కు పోలేదు.

ముందు తిండి సంగతి. పోర్ట్ లూయిస్ బజార్లో బండి దగ్గర ఆపి ధోల్ పూరీ తినిపించాడు. ఎప్పుడూ జతగానే ఇస్తారు, ఒక్కటి అమ్మరు. పసుపు బఠాణీ పప్పు ఉడకబెట్టి, పొడి చేసి, పసుపు, జీలకర్ర కలిపి, మైదాపిండిలో పెట్టి, పల్చగా వత్తి, పెనం మీద కాలుస్తారు. బిహారు వైపు వాళ్లు తెచ్చిన వంట అది. లోపల చిక్కుడుగింజల్లాంటి పెద్ద గింజల కూర, టమాటా పులుసు, కొత్తిమీర పచ్చడి వేసి, చుట్టి, కాగితంలో ఇస్తారు. చూస్తే బొబ్బట్టు, కొరికితే బెల్లం లేదు! "ఓరి నాయనా, చెరకు దేశంలో బెల్లం లేని బొబ్బట్టేంట్రా" అని గట్టిగా నవ్వాను. అల్లుడు చెబితే బండి ఆయన కూడా నవ్వాడు. రెండు జతలు తిన్నాను.

గాతో పిమా అని ఇంకోటి ఉంది. పేరు ఫ్రెంచి, వస్తువు మన పప్పువడ. పప్పు నానబెట్టి, కచ్చాపచ్చాగా రుబ్బి, పచ్చిమిరప, ఉల్లికాడలు వేసి నూనెలో తీస్తారు. పొద్దున్నే రొట్టెలో వెన్న రాసి, దాంట్లో ఈ వడలు నలిపి పెట్టుకుని తింటారు. పెళ్లిళ్లలో అరిటాకు వేసి అన్నంతో ఏడు కూరలు వడ్డిస్తారట. దాంట్లో పనస, గుమ్మడి, ఆకుకూర ఉంటాయి. చారు కూడా ఉంటుంది, దాన్ని "రాసోం" అంటారు. రసం అలా అయింది.

ఇక కూరగాయల బజారు చూసి నేను కదల్లేదు. ఆకుకూరలన్నిటినీ "బ్రేద్" అంటారు. "బ్రేద్ మురుమ్" అంటే మునగాకు. "బ్రేద్ సోంజ్" చేమాకు. "లాలో" అంటే బెండకాయ. బీరకాయ "పిపెంగాయ్", అది తమిళులు తెచ్చిన పేరే. పొట్లకాయ, కాకరకాయ, అన్నీ మనవే. మన ఊళ్లో మునగాకు కోసి మేకలకి వేస్తున్నాం. అక్కడ కట్టలు కట్టి, నీళ్లు చల్లి, డబ్బులకి అమ్ముతున్నారు.

ఆ మధ్యాహ్నం డ్రైవరు వాళ్లింటికి తీసుకెళ్లాడు, అడక్కుండానే. వాళ్లమ్మగారికి ఎనభై దాటాయి. అన్నం, పప్పు, వెల్లుల్లి వేసి వేయించిన మునగాకు, ఆవాలు పసుపు వెనిగరు పట్టించిన చేప, టమాటా పచ్చడి. ఆ ముసలమ్మ మాట నాకు తెలీదు, నా మాట ఆమెకు తెలీదు. మారు వడ్డించడానికి మాటలెందుకు? ఇంటి వెనక పాతిక సెంట్లు ఉంటుంది. మునగచెట్టు, అరటి పిలకలు, కరివేపాకు, రెండు బీర పాదులు. గోడకి అప్పన్న స్వామి పటం. రిసార్టు "లోకల్ నైట్"లో దొరకనిది ఏంటో నాకు అక్కడ అర్థమైంది. ఆ వంట అక్కడి పెరట్లోంచి వచ్చింది.

మరి ఆ పెరడు వాళ్లకెలా వచ్చింది? అదే అసలు కథ.

ఆ దీవికి చెరకు తెచ్చింది డచ్చి వాళ్లు, 1639లో. తర్వాత ఫ్రెంచి వాళ్లు ఆఫ్రికా, మడగాస్కర్ల నుంచి బానిసల్ని తెచ్చి తోటలు పెంచారు. 1810లో ఇంగ్లీషు వాళ్లు పట్టుకున్నారు. 1835లో బానిసత్వం రద్దయింది. బానిసలు పోతే చెరకు నరికేదెవరు? అందుకని 1834 నవంబరు 2 నుంచి మన దేశం కూలీల్ని ఓడల్లో దించడం మొదలెట్టారు. తర్వాత ఎనభై ఏళ్లలో నాలుగున్నర లక్షల మందికి పైగా వెళ్లారు. ఎక్కువ మంది బిహారు, యూపీల వాళ్లు, తర్వాత తమిళులు, ఆ తర్వాత మనవాళ్లు. గంజాం, విశాఖ, గోదావరి జిల్లాల వాళ్లు. కాకినాడ పక్క కోరంగి రేవు పేరు మీద వాళ్లని "కోరంగీలు" అనేవారు. అయిదేళ్ల ఒప్పందం, నెలకి అయిదు రూపాయలు, బియ్యం, పప్పు, ఉప్పు. ఒకరోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోత. పాస్ లేకుండా తోట దాటకూడదు. పోర్ట్ లూయిస్‌లో వాళ్లు దిగిన చోటు పేరు ఆప్రవాసీ ఘాట్. అక్కడ పదహారు రాతిమెట్లున్నాయి. 2006లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వం చేసింది. ఆ మెట్ల దగ్గర నేను చెప్పులు విప్పి నిలబడ్డాను. ఎవరూ విప్పమనలేదు.

ఆ రాళ్ల కుప్పలు పెట్టింది ఈ చేతులే. వీళ్లకంటే ముందు ఆ బానిసల చేతులు.

1880ల చుట్టుపక్కల చక్కెర ధర పడిపోయి, తోటల దొరలు పనికిరాని అంచు భూముల్ని ముక్కలు చేసి అమ్మడం మొదలుపెట్టారు. "మోర్సెల్‌మాం" అంటారు దాన్ని, అంటే ముక్కలు చెయ్యడం. రాళ్ల నేల, నీళ్లకి దూరం, మిల్లుకి దూరం. ఆ ముక్కల్ని కొన్నది ఎవరు? కూలీలు. నెలకి అయిదు రూపాయల జీతంలో దాచుకుని, ఆడవాళ్ల ఒంటి మీద వెండి అమ్ముకుని, అరెకరం, ఎకరం కొన్నారు. రాళ్లు ఏరారు. చెరకు వేశారు, గట్టు మీద మునగ నాటారు, ఆవుని కట్టారు, మూల చిన్న గుడి కట్టారు.

అన్నలూ, నేను చెప్పదలుచుకున్నది ఇదొక్కటే. ఆ దీవిలో మన తిండి, మన పండగ నిలిచింది ప్రభుత్వం దయ వల్ల కాదు, టూరిస్టు ముచ్చటపడ్డం వల్ల కాదు. కూలీవాడు సొంత నేల కొనుక్కున్నాడు కాబట్టి నిలిచింది. తోట లైన్లలో ఉన్నంతకాలం దొర ఇచ్చిన రేషనే వాడి వంట. సొంత పెరడు వచ్చాక వాడి వంట వాడిదైంది. నేల లేని బానిసలు ఏం దాచుకోగలిగారో కూడా చూడండి: పాట, ఆట, మేకతోలు వాద్యం. దాన్ని రవాన్ అంటారు. వాయించే ముందు మంట దగ్గర కాక పెడతారు, అచ్చం మన డప్పులాగే. అది గొప్ప ఆస్తి, 2014లో యునెస్కో గుర్తింపు కూడా వచ్చింది. కానీ వాళ్ల ఊరు, వాళ్ల మాట, వాళ్ల పంట ఏ ఒక్కటీ చేతిలో మిగల్లేదు.

మారిషస్ స్వర్గం అని మాత్రం నేను చెప్పను. అక్కడి రైతు బాధ కూడా విన్నాను. డ్రైవరు మేనమామకి ఉత్తరాన మూడు అర్పాంల చెరకు ఉంది. అర్పాం అంటే మన ఎకరం కన్నా పిసరు ఎక్కువ. యూరప్ వాళ్లు ఏళ్ల తరబడి మంచి ధరకి వాళ్ల చక్కెర కొనేవారు. 2006 నుంచి మూడు నాలుగేళ్లలో ఆ ధర 36 శాతం కోసేశారు. 2000ల మొదట్లో పదికి పైగా ఉన్న మిల్లులు ఇప్పుడు మూడు. చిన్న రైతులు వేలమంది చెరకు మానేశారు. కోతకి కుర్రాళ్లు రావట్లేదు. పాంప్లెమూస్ దగ్గర బో ప్లాన్ మిల్లు 1999లో మూసి, మ్యూజియం చేశారు. మేం టికెట్టు కొని చూశాం. యంత్రాలకి రంగులేసి నిలబెట్టారు. చివర్లో రకరకాల చక్కెర చెంచాతో రుచి చూపిస్తారు. ముదురు రంగుది ఒకటి నాలిక మీద వేసుకుంటే అచ్చం మన బెల్లం పొడి. మా ఆవిడ "మన మిల్లు కూడా ఇలాగే అయిపోద్దేమో" అంది. నాకు నవ్వు రాలేదు.

చెరకు పోయిన భూములు ఏమయ్యాయి? 2002లో పరదేశీయులు విల్లాలు కొనుక్కునేలా అక్కడ ఒక స్కీము తెచ్చారు. చెరకు తోటలు చాలా చోట్ల గోల్ఫ్ మైదానాలు, విల్లాలు అయ్యాయి. అమ్మినవి ఎక్కువగా పెద్ద ఎస్టేట్లే, అది నిజం. కానీ పక్కన విల్లా లేస్తే చిన్నరైతు గట్టు విలువ కూడా మారిపోద్ది, కొడుకు లెక్క మారిపోద్ది.

ఇంకో సంగతి. 13 లక్షల జనం కూడా లేని దేశానికి కోవిడ్ ముందు ఏటా 13 లక్షలకు పైగా టూరిస్టులు వచ్చేవారు. వాళ్లు తినే బియ్యం దాదాపు మొత్తం బయట నుంచే, గోధుమలు బయట నుంచే, మన ధోల్ పూరీలో పప్పు కూడా బయట నుంచే. 2020 మార్చిలో సరిహద్దులు మూశారు. పూర్తిగా తెరిచింది 2021 అక్టోబరులో. ఏడాదిన్నర. ఆ రోజుల్లో ఏం చేశారని డ్రైవర్ని అడిగితే "కారు అలాగే ఉంది అంకుల్, అమ్మ పెరడు తిన్నాం" అన్నాడు. అతని పక్కింటాయన హోటల్లో పనికని భూమి అమ్మేసుకున్నాడట. ఆ సంగతి అంతకు మించి చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఒక్కటి మాత్రం మనం నేర్చుకోవాల్సింది ఉంది. అక్కడ రైతు మిల్లుకి చెరకు "అమ్మడు". చెరకులోంచి వచ్చిన చక్కెరలో 78 శాతం రైతుది, 22 శాతం ఆడించినందుకు మిల్లుది. మడ్డిలో, పిప్పిలో కూడా వాటా. పిప్పి కాల్చి కరెంటు తీస్తారు. చక్కెరంతా కలిపి అమ్మేది ఒకటే సిండికేటు, 1919 నుంచి ఉంది. మనకేమో టన్నుకింత అని రేటు కట్టి, 10.25 రికవరీ అని లెక్క చెప్పి, ఆ తర్వాత చెరకు ఏమైందో మనకి సంబంధం లేదంటారు. అక్కడి ముసలాయన "ధర పడితే నాకూ పడుద్ది, పెరిగితే నాకూ పెరుగుద్ది, మిల్లు వాడొక్కడే నవ్వడు" అన్నాడు. కష్టంలో ఉన్నా ఆ మాటలో ఒక దిలాసా ఉంది. వాటా ఉన్నవాడి మాట అది.

ఇప్పుడు మన ఊరికి వద్దాం.

రిసార్టు వాళ్లు మన దగ్గర కొనేది నేల ఒక్కటే కాదు. మన గానుగ, మన అరిటాకు, మన తప్పెటగుళ్లు కూడా ఆ బేరంలోనే ఉన్నాయి. వాటికి రేటు వెయ్యలేదు, ఉచితంగా కలిపేశారు. రేపు మన నేల మీద బొమ్మ గానుగ తిరుగుద్ది. దాని పక్కన పంచె కట్టుకుని నిలబడ్డానికి మనలో ఒకడికి నెలజీతం ఇస్తారు. వచ్చినోళ్లు ఫొటో తీసుకుంటారు. బెల్లం మాత్రం బజారు నుంచి తెస్తారు. నేను ఆ "లోకల్ నైట్" చూసొచ్చాను, ఆ ముఖాలు చూసొచ్చాను.

"అన్నా, నీకు అల్లుడున్నాడు, అమ్మాయి ఉద్యోగం చేస్తోంది. నాకు అప్పుంది, నాకేం చెబుతావ్?" అని అడిగేవాళ్లున్నారు. న్యాయమైన మాటే. అప్పు నెత్తి మీదున్నవాడికి సంస్కృతి గురించి క్లాసు పీకే హక్కు నాకు లేదు. వడ్డీ ఆగదు, నాకు తెలుసు. కానీ అమ్మే ముందు రెండు అడుగుదాం. ఒకటి, అమ్మకం కాకుండా లీజుకి ఇస్తాం, తీసుకుంటారా? రెండు, కూలి కాకుండా వాటా ఇస్తారా? తొమ్మిది మందీ కలిసి అడిగితే అదొక మాట. ఒక్కొక్కరం వెళ్లి అడిగితే ఒక్కొక్క రేటుకి పోతాం. వాళ్లు ఒప్పుకోరు అంటారా? అప్పుడు వాళ్లకి కావలసింది పల్లె కాదని, రోడ్డు పక్క నేలేనని మనకి తేటగా తెలిసిపోద్ది.

"మన ఊరికి టూరిస్టులు రావద్దా?" అంటే, రానివ్వండి. నేనేం వద్దనను. అనకాపల్లి బెల్లం పేరు దేశమంతా తెలుసు. పెనం మీద పాకం దించేటప్పుడు వచ్చే వాసనకి సిటీ వాడు కారు ఆపకపోతే నన్నడగండి. ఆ పెనం మనదై ఉండాలి. నిజంగా తినే ఇంట్లో వాళ్లకి నాలుగు మెతుకులు ఎక్కువ వండిపెట్టి డబ్బు తీసుకోవడం తప్పు కాదు. ఆ ధోల్ పూరీ బండాయన చేసేది అదే. ఆయన పిల్లలూ ఆ పూరీయే తింటారు, టూరిస్టూ ఆ పూరీయే తింటాడు.

నా సంగతి నేను చెప్పేస్తా. నా 2 ఎకరాల 30 సెంట్లు ఇవ్వట్లేదు. ఎకరంన్నర కార్శి తోట ఉంచుతాను, మిల్లుకి కాదు, బెల్లానికి. గానుగ మా తమ్ముడితో కలిసి బాగుచేయిస్తున్నాను, ఖర్చు చెరిసగం. మిగతాది కూరగాయలు. గట్టు మీద మునగ మళ్లీ నాటాను, మొన్న వానకి ఏడు బతికాయి. ఇందులో నష్టపోతానేమో కూడా. నష్టం వస్తే వచ్చే ఏడు ఇక్కడే రాస్తాను, దాచను.

మిగతా ఎనిమిది మందిలో ఇద్దరు అప్పుడే అడ్వాన్సు పుచ్చుకున్నారని విన్నాను. వాళ్లని ఎవరూ ఒక్క మాట అనొద్దు. వాళ్ల ఇబ్బంది వాళ్లది. మిగిలిన ఏడుగురం ఆదివారం పొద్దున రామాలయం అరుగు దగ్గర కూర్చుందాం. లీజు, వాటా గురించి ఎవరికి ఏం తెలిసినా చెప్పండి. పక్క ఊళ్లలో ఇలాంటి బేరం జరిగి ఉంటే అక్కడ ఏమైందో కింద రాయండి.

మా ఆవిడ నిన్న ఆ ధోల్ పూరీ ఇంట్లో చేసింది. శనగపప్పుతో చేసింది, పల్చగా రాలేదు. రెండోసారి పప్పులో బెల్లం వేసేసింది. అదే బాగుంది.